పన్నెండో గుడ్డ

మనుషులన్నాక ఆశయాలుంటాయి. ఒకడికి ఇల్లు కట్టాలని ఉంటుంది, ఒకడికి కార్పొరేటర్ కావాలని ఉంటుంది, ఇంకొకడికి ఎదురింటివాడి కన్నా ఒక అంతస్తు ఎక్కువ లేపాలని ఉంటుంది. సంతోష్‌నగర్ వెనక సందులో ఉండే మాణిక్యమ్మ ఆశయం కూర్చోవడం.

వినడానికి చిన్న కోరికే. కానీ సర్కారు దవాఖానలో ఆడవాళ్ల వార్డుకు ముప్పై నాలుగేళ్లు ఆయమ్మగా పనిచేసిన మనిషికి అది చిన్నది కాదు. ఆ వార్డులో స్టూళ్లు రెండే. ఒకదాని మీద నర్సమ్మ కూర్చునేది. రెండోదానికి మూడే కాళ్లు. రిటైరయ్యాక తీరిగ్గా కూర్చుందామనుకుంటే అప్పటికి కొడుకు డానియేలు కరెంటు ఆఫీసుకు, కోడలు స్వరూప అంగన్‌వాడీకి పోవడం మొదలైంది. ఇల్లు మాణిక్యమ్మ చేతికొచ్చింది. ఇల్లు చేతికొచ్చినవాళ్లెవరూ కూర్చున్నట్టు లోకంలో దాఖలా లేదు.

అయితే ఆమె కోరింది ఏదో ఒక కుర్చీ కాదు. గుడ్‌ఫ్రైడేకు ముందటి గురువారం సాయంత్రం వాళ్ల చిన్న చర్చిలో పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేస్తారు. ప్రభువు తన పన్నెండు మంది శిష్యుల కాళ్లు కడిగిన సంగతి తలుచుకుంటూ, పాస్టరు ఇస్సాకు అయ్యగారు సంఘంలో పన్నెండు మందిని కూర్చోబెట్టి, తాను మోకాళ్ల మీద వంగి వాళ్ల కాళ్లు కడిగి తుడుస్తారు. తుడిచే గుడ్డలు మాణిక్యమ్మ అల్లినవి. మనిషికొకటి, ఏటా కొత్తవి. పదిహేడేళ్లలో రెండు వందల నాలుగు గుడ్డలు అల్లింది. అవి తుడిచిన పాదాలు నాలుగు వందల ఎనిమిది. వాటిలో ఆమెవి లేవు.

ఒకళ్ల ఒళ్లు కడగడం ఆమెకు తెలుసు. మంచం దిగలేని ఆడవాళ్లను ఎన్ని వేల మందిని కడిగిందో. దవాఖాన గాజుగుడ్డ గీరుకుంటోందని ఒక కేరళ నర్సమ్మ ఆమె చేతికి క్రోషియా సూది ఇచ్చి, నూలు దారంతో జానెడున్నర గుడ్డ అల్లడం నేర్పింది. కొక్కెం మూతి సూది, ఒక దారపు ఉండ, ముప్పై ఆరు ముళ్ల గొలుసు, దాని మీద వరస తరవాత వరస. బుగ్గకు ఆనించినా గీరుకోదు. కళ్లు కళ్లుగా ఉంటుంది కాబట్టి తొందరగా ఆరుతుంది. ఇంత తెలిసిన మనిషికి, తన కాళ్లు ఇంకొకళ్లు కడిగితే ఎట్లుంటుందో మాత్రం తెలియదు. ఒక్కసారి తెలుసుకోవాలని ఉంది. అంతే.

ఆరేళ్ల కిందట ఆ మాట పెంటయ్యతో అని చూసింది. పెంటయ్య రిటైరైన ఆర్టీసీ డ్రైవరు, చర్చి పెద్ద. గురువారం కుర్చీల లిస్టు రాసేది ఆయనే. మొదటి కుర్చీ, అంటే శిష్యులలో పెద్దాయనది, ఆయన పేరు మీద శాశ్వతంగా రిజర్వు అయి ఉంది.

"పన్నెండు మంది శిష్యులల్ల ఆడోళ్లెవరన్న ఉన్నరా అక్కా? నువ్వే చెప్పు."

"ఆర్టీసీ డ్రైవర్లున్నరా అన్నా?"

ఈ ప్రశ్నకు జవాబు పెంటయ్య ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

ఇక్కడ పన్నెండో కుర్చీ సంగతి చెప్పాలి. అది గురువును ముద్దు పెట్టుకుని మరీ శత్రువులకు పట్టించిన శిష్యుడిది. ఆ పేరు చర్చిలో ఎవరూ పలకరు, 'ఆఖరిది' అంటారు. ఒక ఏడు అందులో కూర్చున్న బాలకిషన్‌కు నెల తిరక్కుండా ఆదిలాబాద్ ట్రాన్స్‌ఫర్ అయింది. మరో ఏడు కూర్చున్నాయన స్కూటరు పోయింది. నగరంలో స్కూటర్లు రోజూ పోతాయన్న వాదనను సంఘం పరిశీలించి తోసిపుచ్చింది. అప్పటినుంచి పెంటయ్య ఏటా కొత్తగా చేరినవాడినొకడిని వెతికి, భుజం మీద చెయ్యేసి, "తమ్మీ, నీకొక గౌరవం" అని ఆఖరి కుర్చీ ఇస్తాడు. ఆ తమ్ముడికి విషయం తెలిసేసరికి ఏడాది గడిచి ఇంకో తమ్ముడు దొరుకుతాడు. సంఘం పెరగాలని పెంటయ్య అంత తపన పడేది ఇందుకేనని స్వరూప అభిప్రాయం.

మాణిక్యమ్మకు ఇలాంటి నమ్మకాలు లేవు. పదమూడో నంబరు మంచం మీద పడుకున్నవాళ్లు నడుచుకుంటూ ఇంటికి పోవడం ఆమె కళ్లారా చూసింది. కాకపోతే పన్నెండు గుడ్డలల్లితే ఒకటి కొంచెం వంకర పోతుంది. దాన్ని ఎక్కడో ఒక చోట పెట్టాలి. దొంతరలో అట్టడుగున పెట్టేది. అట్టడుగున ఉన్నది ఆఖరి కుర్చీకి పోతుంది. ఇందులో ఆమె ఉద్దేశం ఏమీ లేదు. నిజానికి కొంచెం ఉంది.

ఈ ఏడు కుడిచేతి బొటనవేలు మొరాయించింది. డాక్టరు చూసి, "రెస్ట్ ఇయ్యమ్మా" అన్నాడు. ఎవరికివ్వాలో, ఎక్కడినుంచి తెచ్చివ్వాలో చీటీలో రాయలేదు. అయినా నలభై దినాల ఉపవాసాలు మొదలైన వారానికి అలవాటు ప్రకారం బస్సెక్కి అఫ్జల్‌గంజ్‌లో దారాల కొట్టుకు పోయింది.

"క్యా అమ్మా, ఫిర్ వహీ మబ్బు తెలుపేనా?" అన్నాడు కొట్టు భాయ్, ఒక మెరిసే ఉండ ముందు పెడుతూ. "ఈసారి ఇది తీస్కపోండి. చూడండి, ఎట్ల చమక్ కొడ్తుందో!"

"మెరిసేది నీళ్లు తాగదు భాయ్. సూరత్ బాగుంటది, పని చెయ్యదు. మా సంఘంల గుడ గట్లాంటోళ్లున్నరు."

నెల రోజుల్లో పదకొండు గుడ్డలు తెమిలాయి. తెమలడమంటే మాటలు కాదు. వరసకు ఒకసారి సూది పక్కన పెట్టి, బొటనవేలును ఎడమచేత్తో పట్టుకుని, మారాం చేసే పిల్లను బుజ్జగించినట్టు బుజ్జగించాలి. అల్లినవాటిని సోడా వేసి ఉడకబెట్టాలి. కొత్త నూలుకు ఒక జిడ్డుంటుంది. ఒకసారి ఉడికితే గాని అది నీళ్లు తాగదు.

"ఎందుకత్తమ్మా గీ తిప్పలు?" అంది స్వరూప, గిన్నెలోంచి ఆవిరి చూస్తూ. "బేగంబజార్‌ల డజను న్యాప్కిన్లు తెస్త. ఎవరన్న కాళ్లెత్తి చూస్తరా?"

"కాళ్లకు తెలుస్తది బిడ్డా."

"కాళ్లకు తెలిస్తే మంచిదే. నీ చెయ్యికి తెలుస్తలేదు గదా!"

మాణిక్యమ్మ గిన్నెలో గుడ్డల్ని గరిటెతో తిప్పింది. మనసులో మాత్రం నిశ్చయించుకుంది. ఇదే ఆఖరు. వచ్చే ఏటినుంచి పెంటయ్య తన కాళ్లు తన లుంగీకే తుడుచుకోనీ.

బుధవారం మధ్యాహ్నం పన్నెండో గుడ్డ మొదలుపెట్టింది. ఎండ మండిపోతోంది, కూలర్ మోటారు చచ్చిపోయింది. దాన్ని బాగుచెయ్యడానికి మహేందర్ వచ్చాడు. ఏసీలు, కూలర్లు రిపేరు చేసే కుర్రాడు. కిందటి క్రిస్మస్‌కే సంఘంలో చేరాడు. అతను కూలర్ విప్పుతుంటే మాణిక్యమ్మ గడప మీద కూర్చుని అల్లుతూ, కునుకుతూ, మళ్లీ అల్లుతూ ఉంది. కునుకు మధ్య అల్లేవాళ్లు చేసే తప్పు ఒకటుంది. వరస చివరి ముడి వదిలేసి వెనక్కి తిరుగుతారు. ప్రతి వరసకూ ఒక ముడి తగ్గుతుంది. చదరంగా మొదలైన గుడ్డ పోనుపోను సన్నబడుతుంది. ఆమె కళ్లు తెరిచి చూసేసరికి చేతిలో ఉన్నది సమోసా.

విప్పితే అంతా ఊడొస్తుంది. ఒక్క లాగు చాలు. మళ్లీ అల్లడానికి మాత్రం ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఇంట్లో లేదు. దారం కత్తిరించేసింది.

"ఏందమ్మా అది, గింత వంకరొచ్చింది?" అన్నాడు మహేందర్ స్క్రూ నోట్లోంచి తీసి.

"నీకే తమ్మీ. ఆఖరి కుర్చీకి."

"అవునమ్మా! పెంటన్న చెప్పిండు. మస్తు గౌరవమంట గదా! మా అమ్మకు గుడ ఫోన్ చేసి చెప్పిన."

ఓపికున్న రోజైతే మాణిక్యమ్మ నవ్వి ఊరుకునేది. రహస్యాన్ని దాచడానికి కూడా కొంత బలం కావాలి. ఆ మధ్యాహ్నం ఆమె దగ్గర అది లేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆ కుర్చీ ఎవరిదో, ఆదిలాబాద్ ఏమిటో, స్కూటరేమిటో అన్నీ. మహేందర్ విని, తన బండి వైపు ఒకసారి చూసుకుని, కూలర్‌కు నాలుగు స్క్రూలకు గాను మూడే బిగించి వెళ్లిపోయాడు.

పన్నెండో గుడ్డను ఉడకబెట్టాలి. పొయ్యి దాకా లేవాలి. 'ఆఖరి దానికే గదా' అనుకుని, పచ్చిదాన్ని పచ్చిగానే మడిచి అడుగున పెట్టింది.

గురువారం సాయంత్రం పదకొండు కుర్చీలు నిండాయి. పెంటయ్య తెల్ల ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, శిష్యులలో పెద్దాయనకు తగ్గట్టు కూర్చున్నాడు. మాణిక్యమ్మ గుడ్డల దొంతర పట్టుకుని గోడ పక్కన నిలబడింది. పదిహేడేళ్లుగా అక్కడే నిలబడుతోంది. ఆమె వీపు ఆనేచోట సున్నం కూడా పోయింది. ఇస్సాకు అయ్యగారు ఒక్కొక్కరి కాళ్లు కడుగుతూ ముందుకు జరిగారు. ఆమె ఒక్కొక్క గుడ్డ అందించింది. పదకొండోది అయింది. పన్నెండో కుర్చీ ఖాళీ.

పెంటయ్య ఫోన్ తీసి, చెవికి పెట్టుకుని, దించాడు. "మహేందర్‌కు కడుపునొప్పంట" అన్నాడు. తరవాత మగవాళ్ల బెంచీల వైపు చూశాడు. బెంచీలన్నీ ఒక్కసారిగా పైకి చూశాయి. ఫ్యాను ఇంత భక్తితో ఏనాడూ పూజ అందుకోలేదు. ఆదిలాబాద్ నుంచి ఎట్లాగో తిరిగొచ్చిన బాలకిషన్ అర్జంటు ఫోనొచ్చిందని బయటికి పోయాడు. అది మోగిన శబ్దం ఎవరికీ వినబడలేదు. అయ్యగారు బేసిన్ ముందు మోకాళ్ల మీదే ఉన్నారు.

మాణిక్యమ్మ ఆ కుర్చీ వైపు చూసింది. రెండు గంటలుగా నిలబడి ఉంది. మోకాళ్లు కూర్చోమంటున్నాయి, నడుము కూర్చోమంటోంది, బొటనవేలు సరేసరి. ఆరు అడుగులు వేసి కూర్చుంది.

"ఏం చేస్తున్నవక్కా?" అన్నాడు పెంటయ్య.

"కూసున్న."

"అది... అది ఎవరి కుర్చీనో ఎరుకేనా?"

"ఎవరిదైతేంది. నాలుగు కాళ్లున్నయ్. చూసుకునే కూసున్న."

ఆడవాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. అది స్వరూపే. పెంటయ్య అయ్యగారి వైపు చూశాడు. లిస్టులో లేని మనిషి, పైగా ఆడమనిషి. ఏదో ఒకటి అనాలి కదా.

ఇస్సాకు అయ్యగారు నడుము సరిచేసుకున్నారు. "ప్రభువు ఆ ఆఖరాయన కాళ్లు గుడ కడిగిండు పెంటయ్యా, ఇడిసిపెట్టలే" అని, బేసిన్ ఆమె ముందుకు జరిపారు.

నీళ్లు ట్యాంకువి; ఏప్రిల్ ఎండకు గోరువెచ్చగా ఉన్నాయి. ఆయన ఆమె కుడికాలు ఎత్తి పట్టుకున్నారు. పగిలిన మడమలో నీళ్లు దిగుతుంటే మాణిక్యమ్మ తనకు ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. ఎవరి కాలో ఎవరో పట్టుకున్నట్టుంది. ఒక కాలు బరువు ఇంకొకరి చేతిలో ఉంటే ఒళ్లంతా ఇంత తేలికవుతుందా, ఈ సంగతి తెలియకుండానే తాను అంత మందిని మోసిందా అనుకుంది.

అంతలో ఆమె చేతిలోని పన్నెండో గుడ్డ వంతు వచ్చింది. సమోసా ఆకారం, పచ్చి నూలు. అయ్యగారు తుడిచారు. గుడ్డ తాగలేదు, నీళ్లు అటునుంచి ఇటు జరిగాయి. మళ్లీ తుడిచారు. ఇటునుంచి అటు జరిగాయి.

"నీళ్లు గుంజుకుంటలేదమ్మా."

"ఉడకబెట్టలే అయ్యగారు. ఓపిక లేకుండె. వేరేటోళ్ల కాళ్లే గదా అనుకున్న."

అయ్యగారు ఒక్క క్షణం ఆగి, నవ్వకుండా ఉండడానికి తల వంచుకుని, లేవబోయారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు ఊరుకోలేదు.

"వేళ్ల సందుల తడి ఉన్నది అయ్యగారు. గట్ల ఇడిసిపెడితే పుండ్లైతయ్."

అయ్యగారు మళ్లీ కూర్చున్నారు. గుడ్డ సన్నని కొస వేలికి చుట్టుకుని, ఒక్కొక్క సందులో పెట్టి, మెల్లగా, ఎనిమిది సందులూ తుడిచారు. చదరపు గుడ్డయితే అంత ఇరుకులోకి పోయేది కాదు. సంఘమంతా ఓపిగ్గా చూస్తూ కూర్చుంది. ఆరో సందు దగ్గర మాణిక్యమ్మ నిద్రపోయింది.

లేచేసరికి ప్రార్థన అయిపోయింది, పాటలైపోయాయి. ఒళ్లో ఎవరో పన్నెండో గుడ్డ మడిచి పెట్టారు. టెంట్‌హౌస్ ఆటో వాకిట్లో నిలబడింది. పెంటయ్య కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చి, ఆమె ముందుకొచ్చి దగ్గాడు.

"అక్కా, జర లేస్తవా? కుర్చీలు వాపస్ పోవాలె."

మాణిక్యమ్మ కాళ్లు ముందుకు చాపింది.

"పదకొండు తీస్కపో అన్నా. ఆఖరిదాన్ని ఎట్లయిన ఎవరు అడుగుతరు?"