తెమెలీనా పడవెక్కిన రోజు

మా ద్వీపంలో పుట్టి సముద్రానికి భయపడిన మనిషి నాకు తెలిసి తెమెలీనా ఒక్కతే. ఆమె బతుకుతెరువు మాత్రం సముద్రం ఒడ్డునే. దక్షిణం వైపు లివాది ఇసుకతీరం పైన ఆమెకు అద్దెకిచ్చే నాలుగు గదులున్నాయి. వారానికి రెండుసార్లు వచ్చే ఓడ దిగిన సెలవుల జనం రేవులో నా రొట్టెల కొట్టు దగ్గర ఆగి దారి అడుగుతారు. కొండ దాటి ముప్పావు గంట నడవాలి. అంత ఎండలో సామాను మోసుకుంటూ వాళ్ళు నడిచేది, అక్కడికి పోయి ఏ పనీ చేయకుండా పడుకోవడానికి.

తెమెలీనా పదకొండేళ్ళప్పుడు మేనత్త పెళ్ళికని తల్లిదండ్రులతో పక్క ద్వీపానికి బయలుదేరింది. దారిలో గాలి లేచి పడవ తిరగబడింది. తండ్రి సకెలారిస్ సముద్రం అడుగుకు మునిగి స్పాంజి కోసుకొచ్చే మనిషి. ఈతలో ఆయనను మించినవాడు లేడు. కూతురి జడ ఒక చేత్తో దొరకబుచ్చుకున్నాడు. రెండో చేతికి భార్య అందలేదు. ఆ తర్వాత నలభై ఏడేళ్ళపాటు తెమెలీనా మోకాలు తడిసేంత లోతుకు కూడా దిగలేదు. పెద్ద ఓడ ఎక్కడం కూడా మూడే సార్లు. మూడుసార్లూ లోపలి గదిలో కళ్ళు మూసుకుని కూర్చుంది.

కాఫీ కొట్టు దగ్గర మగవాళ్ళు ఆమెను ఊరికే వదిలేవాళ్ళు కాదు.

"తెమెలీనా, ఇవాళ చేపల పులుసులో నీళ్ళెక్కువ పోశావట. చూసి గరిటె పెట్టు, మునిగిపోతావ్."

"నవ్వండి బాబూ. మీరు పోయాక మీ పేరున గుళ్ళో పంచడానికి గోధుమలు ఉడకబెట్టాల్సింది నేనేగా. అప్పుడు చక్కెర తగ్గిస్తాలే," అనేది.

ఆమె భయం ఊరికే కూర్చునేది కాదు. ఎవరైనా గదిలో దిగగానే, సంచి కింద పెట్టకముందే మొదలుపెట్టేది. వేసవిలో ఉత్తరం నుంచి వీచే గాలిని మేం మెల్తెమి అంటాం. లివాదికి అది కొండ మీదుగా దిగి, వీపు వెనక నుంచి సముద్రం మీదికి పోతుంది. అందుకే ఒడ్డున నీళ్ళు అద్దంలా ఉంటాయి. ఆ నున్నదనం చూసి మోసపోవద్దని, లోపలికి పోయినవాళ్ళను గాలి వెనక్కి రానివ్వదని పదేపదే చెప్పేది. సెలవులకు వచ్చినవాళ్ళు తలూపి నవ్వేవాళ్ళు. ఆమె ఆ నవ్వులను నమ్మేది కాదు. అరగంటకోసారి వసారాలోకి వచ్చి తీరం మీద తలలు లెక్కపెట్టుకునేది.

ఆ ఏడాది ఆగస్టు మొదట్లో తెస్సలొనీకి పట్నం నుంచి పొలిక్సేని అనే ఆవిడ వచ్చింది. నలభై ఆరేళ్ళు. ఆసుపత్రిలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం, పందొమ్మిదేళ్ళుగా.

"ఇక్కడ చూడాల్సినవి ఏమున్నాయో చెప్పకండి తెమెలీనా గారూ," అంది వచ్చిన రోజే. "నేను నిద్రపోవడానికొచ్చాను. మోగేది ఏదీ లేనిచోట."

"మేకల మెడలో గంటలు మోగుతాయమ్మా."

"అవి నన్ను ఎత్తి మాట్లాడమనవుగా."

నాలుగు రోజులు ఒడ్డున చెట్టు నీడలో నిజంగానే నిద్రపోయింది. తిండికి లేచేది, మళ్ళీ పడుకునేది. నాలుగు రోజులకే ఆమె మొహంలో రంగు వచ్చిందని తెమెలీనాకు ముచ్చటేసింది. ఐదో రోజు పొలిక్సేని తను తెచ్చుకున్న పసుపుపచ్చ గాలి పరుపు ఊదుకుని నీళ్ళ మీద వేసుకుంది.

ఆ రోజు పక్క ద్వీపంలో ఒక బాప్తిస్మం విందు ఉంది. గాలి లేవకముందే మా పడవలన్నీ, మగవాళ్ళందరితో సహా వెళ్ళిపోయాయి. లివాదిలో మిగిలింది పొలిక్సేని, నలుగురు జర్మన్లు, తెమెలీనా, ఇసుకతీరం చివర వలలు బాగుచేసుకుంటూ ముసలి నోమికోస్, ఆయన చిన్న పడవ.

ఒంటిగంటన్నరకు తెమెలీనా చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ లేచి చూసింది. నోమికోస్ కాక ఐదు తలలు. రెండింటికి మళ్ళీ చూసింది. నాలుగు.

వెనక తలుపు దబ్బున కొట్టుకుంది. గాలి ఎప్పుడు లేచిందో ఆమెకు తెలియలేదు. చిక్కుడుకాయల గిన్నె కాలికి తగిలి దొర్లిపోయింది. మెట్లు దిగి ఇసుకలో పరుగెత్తుతూ, "పొలిక్సేని ఏదీ? పసుపు పరుపు ఏదీ?" అని అరిచింది. జర్మన్లలో ఒకావిడ లేచి కూర్చుని, అరచేతిని చెంపకు ఆనించి కళ్ళు మూసి చూపించింది. ఆవిడ నీళ్ళ మీద హాయిగా నిద్రపోతోంది, లేపడం ఎందుకని ఊరుకున్నాం అని దానర్థం.

తెమెలీనా సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము దాకా చూసింది. దానికి అవతల, నీళ్ళు నల్లబడి తెల్లని నురగలు లేస్తున్నచోట, ఆవగింజంత పసుపు చుక్క కనిపించింది.

తీరరక్షణ వాళ్ళకు ఫోన్ చేసింది. బయలుదేరుతున్నాం, గంటన్నర పడుతుంది అన్నారు. గంటన్నరకు ఆ చుక్క ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు. నోమికోస్ దగ్గరికి పరుగెత్తింది.

"మామా, పడవ తియ్యి. నా గదిలో ఉన్నావిడ కొట్టుకుపోతోంది."

నోమికోస్ వల పక్కన పడేసి లేచాడు. డెబ్బై నాలుగేళ్ళు, రెండు కళ్ళలోనూ పొరలు. "తీస్తాను. ఎటు పోవాలో చెప్పేదెవరు? నాకు నీ మొహమే పొగలా కనిపిస్తోంది."

"ఆ జర్మన్లలో ఒకణ్ణి ఎక్కించుకో."

"వాడు చేయెత్తి చూపిస్తే నాకు కనబడదు. నోటితో చెప్తే అర్థం కాదు. అమ్మాయ్, నువ్వే రావాలి."

"నావల్ల కాదు మామా."

"అయితే కూర్చో. ఇద్దరం ఇక్కడే కూర్చుని ఏడుద్దాం."

ఆ మాట గుచ్చుకునే పడవెక్కావా అని తర్వాత ఆమెను అడిగాను. కాదంది. అసలు ఎలా ఎక్కిందో గుర్తులేదంది. ఒడ్డు నుంచి పడవ దాకా నడుము లోతు నీళ్ళున్నాయి, అందులోంచి తను నడిచి ఉండాలి, అంతే తెలుసంది.

పడవ ముక్కు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో అంచు పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఇంజను మోగింది.

"ఏం కనిపిస్తోంది?" అన్నాడు నోమికోస్ వెనకనుంచి.

ఆమె అంచును ఇంకా గట్టిగా పట్టుకుంది.

"తెమెలీనా. కళ్ళు తెరు. ఈ పడవలో ఉన్నవి నీ కళ్ళే."

తెరిచింది. మొదట నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. ఇంత దగ్గరగా, ఇంత ఎత్తులో నీళ్ళు ఆమె నలభై ఏడేళ్ళుగా చూడలేదు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఒంటేలు తనకు తెలియకుండానే పోయింది. ఆ వెచ్చదనం తెలిశాక, సిగ్గుపడటానికి కూడా వ్యవధి లేదనుకుందట. పసుపు చుక్క ఒక అల మీద లేచి, మళ్ళీ దిగిపోయింది.

"కుడికి. కొంచెం. కనిపించింది."

కొండకొమ్ము చివర నీటిలో రాళ్ళున్నాయి. వాటిని దూరంగా చుట్టి పోవాలి. మా పిల్లలకు కూడా తెలిసిన సంగతే అది. చుట్టి పోతే ఆ చుక్క కొండ చాటుకు పోతుంది, మళ్ళీ దొరకదు. ఆమెకు రెండు వైపులా నురగలు, మధ్యలో ఒక నల్లని దారి కనిపించాయి.

"రాళ్ళు దాటుతున్నామా?" అని అడిగాడు నోమికోస్. "నురగ చప్పుడు వినిపిస్తోంది."

"దూరంగా ఉన్నాయి మామా. నువ్వు తిన్నగా పోనీ."

అబద్ధం చెప్పింది. నిజం చెబితే ఆయన ఇంజను తగ్గిస్తాడు, తగ్గిస్తే గాలి పడవను రాళ్ళ మీదికి తోస్తుంది. ఎడమ వైపు చేయి చాపితే అందేంత దగ్గరలో రాయి నల్లగా తేలి, మునిగి, మళ్ళీ తేలింది. "కొంచెం కుడికి," అంది.

కొమ్ము దాటగానే గాలి అసలు రూపంలో తగిలింది. పడవ ప్రతి అల మీదా లేచి దబ్బున పడుతోంది. నీళ్ళు మొహాన కొట్టిన ప్రతిసారీ చుక్క మాయమయ్యేది. ఈసారి లేవదు, ఈసారి ఖాళీ పరుపే లేస్తుంది అనుకుంటూనే "ఎడమకి", "తిన్నగా" అంటూ పోయింది.

దగ్గరికి చేరేసరికి పొలిక్సేని పరుపు మీద బోర్లా పడి ఉంది. పరుపు చుట్టూ ఉన్న తాడును మణికట్టుకు చుట్టుకుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"చేయి ఇవ్వు," అంది తెమెలీనా.

"వదలలేను," అంది పొలిక్సేని. "వేళ్ళు రావడం లేదు."

"నువ్వు వదలకపోతే నేను నీళ్ళలోకి రావాలి. నేను వస్తే ఇద్దరం చస్తాం. నాకు ఈత రాదు. విన్నావా? నాకు ఈత రాదు."

ఆ మాటకు పొలిక్సేని ఆమె మొహంలోకి చూసింది. తనకన్నా ఎక్కువ భయపడుతున్న మనిషిని చూసి తన వేళ్ళు కదిలాయని తర్వాత మాతో అంది. తెమెలీనా వంగి ఒక చేత్తో మణికట్టు, ఇంకో చేత్తో ఈత బట్ట పట్టీ పట్టుకుని లాగింది. పడవ ఒక పక్కకు ఒరిగింది. నోమికోస్ రెండో పక్కకు వాలి పడుకున్నాడు. ముగ్గురూ అడుగున కుప్పలా పడ్డారు. ఖాళీ పరుపు గాలికి లేచి, పిల్లిమొగ్గలు వేస్తూ ఆఫ్రికా వైపు పోయింది.

వెనక్కి రావడం కుదరలేదు. ఎదురుగాలికి ఇంజను దగ్గుతోంది. నోమికోస్ చెప్పగా, తెమెలీనా మేకలు మేసే ఒక చిన్న రాతి దీవిని వెతికి పట్టుకుంది. దాని చాటున లంగరు వేసి, తీరరక్షణ పడవ కోసం కూర్చున్నారు. ఆ గంట తనకు అన్నిటికన్నా కష్టమైందని తెమెలీనా అంటుంది. పని ఉన్నంతసేపూ భయం పక్కన కూర్చుంది, పని అయిపోగానే మీదికెక్కింది. కడుపులో ఉన్నదంతా కక్కుకుంది. లంగరు తాడు తెగుతుందేమోనని దాన్ని రెండు చేతులా పట్టుకునే ఉంది. పొలిక్సేని ఆమె ఒడిలో తల పెట్టి వణుకుతోంది.

"నిద్రపోకు," అంది తెమెలీనా. "నిద్రపోతే నీళ్ళలోకి తోసేస్తాను."

"ఇంక ఈ జన్మలో పోను," అంది పొలిక్సేని.

"పోతావు పోతావు," అన్నాడు నోమికోస్. "ఈవిడ నోరు మూస్తే నాక్కూడా పడుతుంది."

నాలుగింటికి తీరరక్షణ వాళ్ళు వచ్చి పడవను తాడుతో లాక్కుంటూ రేవుకు తెచ్చారు. అప్పుడు నేను గట్టు మీదే ఉన్నాను. తెమెలీనాను నలుగురం పట్టి దింపాం. కాలు రాతి మీద ఆనగానే కూలబడింది. చేతుల్లో తాడు చారలు పడి నెత్తురు చిమ్మింది. నాలుగు రోజులు మంచం దిగలేదు. పొలిక్సేని మిగిలిన సెలవంతా ఆమె వంటింట్లో జర్మన్లకు వండిపెడుతూ గడిపింది.

ధైర్యం వచ్చిందేమోనని అందరం చూశాం. రాలేదు. భయం ఇంకా పెరిగింది. ఇప్పుడు గాలి లేచిన రోజున ఒడ్డున అలకు కూడా దూరంగా నడుస్తుంది. తన గదుల్లోకి గాలి పరుపులు రానివ్వదు. పొలిక్సేని మరుసటి ఏడూ వచ్చింది. చెట్టు నీడలోనే పడుకుంది.

పడవ సంగతి జరిగిన ఏడాది చలికాలంలోనే నోమికోస్ రోడ్స్ ద్వీపం పోయి కళ్ళకు ఆపరేషన్ చేయించుకున్నాడు. వసంతంలో నేను రొట్టెలు తీసుకుని లివాది పోతే, ఆయన వసారాలో నిలబడి కొండకొమ్ము చూస్తున్నాడు.

"ఎటునుంచి పోయాం మనం?" అని అడిగాడు.

తెమెలీనా పిండి చేత్తోనే రాళ్ళ మధ్య సందు చూపించింది. ఆ రోజు గాలి తక్కువే అయినా అక్కడ నురగ ఉడుకుతోంది. ఆ సందు రెండు గంపలు మోసే గాడిద దూరేంత వెడల్పు ఉంటుందేమో.

నోమికోస్ చాలాసేపు చూశాడు. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూర్చున్నాడు.

"కనబడి ఉంటే నేను పోయేవాణ్ణి కాదు," అన్నాడు.

"నాకు కనబడింది మామా," అని, తెమెలీనా పిండి కలుపుకోవడానికి లోపలికి పోయింది.