గడప ముందు ఉప్పు

నా చిన్నప్పుడు చేవెళ్లలో మా ఇంటి ముందు గదిలో ఒక జపాన్ ఆమె కిరాయికి ఉండేది. మొయినాబాద్ దిక్కు రైతులకు పట్టుపురుగుల పెంపకం నేర్పడానికి వచ్చింది. తెలుగు కొద్దికొద్దిగా వచ్చు. వాడకట్టు ఆడవాళ్లు ఆమెతో నవ్వుతూ మాట్లాడేవారే గాని, ఆమె పెట్టింది ఏదీ నోట్లో వేసుకునేవారు కాదు. నాకూ ఆమె మీద అనుమానంగానే ఉండేది. నాలుగు అరటిపళ్లు ఇస్తే ఒకటి తిరిగి ఇచ్చేసేది. వాళ్ల భాషలో నాలుగు అనే మాట చావు అనే మాటలాగే పలుకుతుందని అప్పుడు మాకు తెలియదు.

ఒకరోజు పక్కింటి తాత పోయాడు. ఆమె కూడా చూడడానికి వెళ్లింది. తిరిగొచ్చి, గది ముందు నిలబడి, పొట్లంలోంచి ఉప్పు తీసి భుజాల మీద, పాదాల మీద చల్లుకుంది. తలుపు సందులోంచి చూశాను. ఎదురింటి పెద్దమ్మ చెవిన వేసింది నేనే.

రెండు రోజులకు ఆ పెద్దమ్మ బర్రె పాలివ్వడం మానేసింది. మర్నాడు పొద్దున్నే నలుగురిని వెంటేసుకుని మా వాకిట్లోకి వచ్చి మా నాయనమ్మను పిలిచింది.

"అవ్వా, ఆమెతోని ఇల్లు ఖాళీ చేయించు. చేతబడి తెలిసిన మనిషి. మీ పిల్లనే చూసింది."

ఆ మాట పడ్డ మనిషిని ఊరు ఏం చేస్తుందో నాకు ఆ వయసుకే తెలుసు. 

మా అవ్వ నేరుగా ముందు గదికి వెళ్లింది. తలుపు తట్టి ఆమెను పిలిచి, "ఉప్పెందుకు చల్లుకున్నవ్ బిడ్డా?" అని అడిగింది.

ఆమె గడప దగ్గరికి వచ్చింది. మాటలు వెతుక్కుని, "చావు... నా వెంట లోపలికి రావద్దు," అంది.

అవ్వ పెద్దమ్మ వైపు తిరిగింది.

"నువ్వు చావుకు పోయొచ్చి ఏం చేసినవ్?"

"బయటనే తానం చేసి ఇంట్లకు పోయిన."

"నీకు నీళ్లు, ఆమెకు ఉప్పు. గంతే గదా."

అంతటితో ఆగక, జపాన్ ఆమెతో ఉప్పు తెప్పించి తన భుజం మీద చల్లమంది. ఆమె చిటికెడు తీసి చల్లింది.  అవ్వ కొంగు దులుపుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. బర్రెకు పొదుగువాపు అని పశువుల డాక్టరు చెప్పినా, పెద్దమ్మ చాలా రోజులు మా గడపను అనుమానంగానే దాటింది.

నా అనుమానమూ పూర్తిగా పోలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా కొత్త మనిషి చేసే పని అర్థం కాకపోతే ముందు పుట్టేది అదే. కాని ఇప్పుడు ఆ సంగతి మూడో మనిషికి చెప్పే ముందు వెళ్లి, ఆ మనిషినే అడుగుతాను.