నాపరాయి మీద జాకీ

మా అత్తగారికి తుంటి ఎముక విరిగి ఆపరేషనయ్యాక, ఆవిణ్ణి గుంటూరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడమంటే ఇంటిల్లిపాదికీ గండంగా ఉండేది. సత్తెనపల్లి దాటి గతుకుల్లో పడగానే మా పాత అంబాసిడర్ ముందు చక్రం దగ్గర ఇనుము ఢబ్బుమని కొట్టుకునేది. కొట్టుకున్నప్పుడల్లా వెనక సీట్లో ఆవిడ పళ్ళబిగువున మూలిగేది. ఆ మూలుగు విన్నాక మా ఆయనకు అన్నం సయించేది కాదు.

మళ్ళీ డాక్టరుకు చూపించాల్సిన రోజుకు ముందురోజు పొద్దున్నే కారు కింద దూరి చూసి, "బుష్‌లు పోయాయి. రబ్బరు అరిగిపోయి ఇనుమూ ఇనుమూ కొట్టుకుంటున్నాయి" అన్నాడు. షెడ్డుకు పంపొచ్చు కదా అంటే వినలేదు. వాళ్ళు గ్రీజు పూస్తారట, గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బిపోతుందట, సబ్బునీళ్ళే రాయాలట. ఈ మనిషి చేతికి స్పానరు దొరికిందంటే ఇక ఎవరి మాటా చెవికెక్కదు. ఇలాంటి వాడితో కాపురం చేస్తే నాకు నోరు పెరగక ఏం చేస్తుంది?

కారు పెట్టే రేకుల కొట్టంలోనే ఒక పక్క మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాలు ఉండేవి. ఎండకు ఆ ఘాటు గొంతు పట్టేసేది. అత్తయ్య ఎదురుగా వసారాలో మంచం మీద కూర్చుని చూస్తూ ఉంది. కాలు కింద మోపవద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మంచం దిగాలంటే ఇద్దరం చెరో వైపు పట్టుకోవాల్సిందే.

వానాకాలంలో మా వైపు జాకీ కింద చెక్క వెయ్యకుండా ఎవరూ బండి లేపరు, రేగడిలో దిగిపోతుందని. ఎండాకాలం వచ్చేసరికి ఆ జాగ్రత్త ఉండదు. కింద నాపరాయి పరిచి ఉంటే ఇక దిగులేముంది అనుకుంటారు. కానీ రేగడి ఎండకు ముడుచుకుపోయి, పైకి దిట్టంగా కనిపించే బండ కింద డొల్లగా తయారవుతుంది. ఆ సంగతి తెలిసి కూడా ఆయన జాకీని నేరుగా బండ మీదే పెట్టాడు.

పాత బుష్ ఇనుముకు పట్టుకుపోయి ఉంది. సుత్తికి రాకపోతే రంపపు బ్లేడుతో కోసి, ముక్కలుగా పీకాడు. కొత్తదాన్ని సబ్బునీళ్ళలో ముంచి, పొడుగాటి బోల్టు తొడిగి, నట్టు తిప్పుతూ కొద్దికొద్దిగా లోపలికి లాగాడు. తర్వాత ఆ బుష్ ఎక్కించిన ఆర్మ్‌ను, అంటే చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప కడ్డీని, దాని చోట్లో కూర్చోబెట్టడానికి కారు కింద వెల్లకిలా పడుకుని, చెయ్యి లోపలికి పెట్టాడు.

అప్పుడు బండ టక్కుమంది. జాకీ ఒక పక్కకు ఒరిగింది. కారు కొంచెం దిగి ఆగింది.

"జాకీ ముట్టుకోకు" అన్నాడు ఆయన. గొంతు చాలా చిన్నగా వచ్చింది. "చెయ్యి ఇరుక్కుంది. గట్టిగా లాగితే బండి కదులుద్ది. చట్రం కింద ఏదన్నా గట్టిది పెట్టు."

ఊడదీసిన చక్రాన్ని పడుకోబెట్టి కిందికి తోశాను. దానికీ చట్రానికీ మధ్య ఇంకా జానెడు పైనే సందు ఉంది. అంత దిగితే ఆయన ఛాతీ నలిగిపోతుంది. టిక్కీలు పెడితే అణిగిపోతాయి. ఈలోపు మిరప ఘాటుకు ఆయనకు దగ్గు వచ్చింది. దగ్గును అదిమిపెట్టుకుంటుంటే ఒళ్ళంతా వణికిపోతోంది, జాకీ కిర్రుమంటోంది. వీధిలోకి పరిగెత్తి ఎవరినన్నా పిలుద్దామంటే, ఈలోపే పడిపోతుందేమోనని భయం.

కొట్టం గుమ్మం దగ్గర రోలు ఉంది. పడదోసి దొర్లించాను. గడప దగ్గర ఆగిపోయింది. భుజం ఆనించి నెట్టినా కదల్లేదు. ఏడుపొచ్చేసింది.

"ఈ పక్క నేను పడతా అమ్మాయ్, నువ్వు ఆ పక్క నెట్టు" అన్న మాట పక్కనే వినిపించింది. అత్తయ్య. మంచం దిగి, వసారా అంచు దాటి, నేల మీద పాక్కుంటూ వచ్చేసింది. రోటికి వీపు ఆనించి, విరిగిన తుంటి వైపు కాలినే గుమ్మం ఎదుటి గుంజకు తన్నిపట్టి నెట్టింది. ఆ వైపైతేనే ఆనుకోడానికి ఆసరా దొరికింది మరి. రోలు గడప దాటి దొర్లింది. నేను దాన్ని చట్రం కిందికి చేర్చగానే జాకీ పడిపోయింది. రోటి కింద బండ కూడా పగిలింది గానీ రోలు నిలబడింది.

ఆయన చర్మం గీరుకుపోయిన చేత్తో బయటికొచ్చి, ముందు తల్లినే చూశాడు.

"అమ్మా, కాలికేమన్నా అయిందా?"

"ఏమీ కాలేదురా. మెల్లగా జరుక్కుంటూ వచ్చా."

ఆవిణ్ణి మంచం మీద పడుకోబెట్టాక, బండ కింద కంకర కొట్టి, చెక్క వేసి, పని పూర్తి చేశాడు. కారు దించి బరువు చక్రాల మీద పడ్డాకే బోల్టులు చివరిదాకా బిగించాడు.

మర్నాడు గుంటూరు బయల్దేరాం. గతుకుల్లో చప్పుడు లేదు. ఆయన అద్దంలో చూస్తూ "ఎట్టా ఉందమ్మా?" అని అడిగాడు.

"పూలపానుపు మీద పోతున్నట్టుందిరా" అంది.

ఆయన ముఖం వెలిగిపోయింది. వెనక సీట్లో, కొంగు చాటున, ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఉంది. ప్రతి గతుక్కీ గోళ్ళు దిగబడుతున్నాయి. నేను నోరు తెరవబోతే తల అడ్డంగా ఊపింది. డాక్టరు ఎక్స్‌రే తీసి చూస్తే తుంటి సంగతి ఎలాగూ దాగదని ఇద్దరికీ తెలుసు. గుంటూరు చేరేదాకా నేను ఆ చెయ్యి వదల్లేదు. ముందు సీట్లో ఆయన ఒక్కడే, రబ్బరు సంగతి దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు.