కుంఠా నాకాలో జింక జాడ

సిరిసిల్ల నుంచి షోలాపూర్ వెళ్ళదలచినవారికి ముందే చెబుతున్నాను. హైదరాబాద్‌లో బొంబాయి బండి ఎక్కితే తెల్లవారేసరికి దిగిపోవచ్చు గాని, జనరల్ పెట్టెలో సీటు మీద ఆశ పెట్టుకోవద్దు. నేను గుల్బర్గా దాకా ఎవరిదో ట్రంకు పెట్టె మీద కూర్చున్నాను. తొంభైల మొదట్లో, చలికాలం. చెల్లెలు లక్ష్మికి ఒంట్లో బాగా లేదని కబురొస్తే ఒక్కదాన్నే బయలుదేరాను. "ఫికర్ జెయ్యకక్కా, ఆడంత మన తెలుగు నేతోళ్ళే" అని పక్కన కూర్చున్న ఒకావిడ ధైర్యం చెప్పి, నేను తెచ్చుకున్న సర్వపిండిలో సగం తినేసింది.

స్టేషన్ బయట చాయ్ బాగుంది. ఆటోవాడు మాత్రం దాజీ పేట్ అంతా చుట్టి తిప్పి ఎక్కువే గుంజాడు. ఆ వేళకే వీధి పొడుగునా పవర్‌లూమ్‌ల కట్‌కట్ మొదలైంది. ఎక్కేముందే బేరం ఆడుకోండి.

కుంఠా నాకాలో ఇల్లు చేరేసరికి ఏడున్నర. లక్ష్మి గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. మనిషి నిక్షేపంగా ఉంది.

"జరమన్నవు గదనే?" అన్నాను.

"అది తగ్గింది. ఇప్పుడు ఈయనకొచ్చింది చూడు రోగం."

మరిది మల్లేశం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పగలు మగ్గం నడుపుతాడు, నాకా అవతల కొంచెం జొన్నచేను పాలుకు చేస్తాడు. అడవిపందులు చేను పాడు చేస్తున్నాయని వెదురుతో విల్లు చేసుకున్నాడు, మగ్గపు తాడే పేని నారి కట్టాడు. ఆ పొద్దున మంచులో జొన్న కదిలితే బాణం వదిలాడు.

"పంది అనుకున్న వదినె. ఆడజింక! తొడకు బాణం దిగింది. ఎంటనే ఎంటబడి ఉరికిన. రోడ్డు దాటి గల్లీలకు జొచ్చింది, మల్ల కనవడలే. కుక్కలకు దొరికితే పానముండంగనే పీక్కతింటయి."

"జింకను కొడితే జైలంట అక్కా! గప్‌చుప్ ఉండమంటే ఇనడు," అంది లక్ష్మి.

ఆయన ముందు పెట్టిన చాయ్ మీగడ కట్టింది. జింకను వెతికి పట్టుకునేదాకా మంచినీళ్ళు కూడా ముట్టనని కూర్చున్నాడట. నాకు ఒళ్ళు మండింది. రైల్లో నడుం విరిగి వచ్చినదాన్ని, కాళ్ళు కడుక్కోనిచ్చారా? అయినా ఆ ముఖం చూసి ఊరుకోలేక, పద అన్నాను.

చేను గట్టున జొన్నాకుల మీద, మన తొడెత్తున రక్తం మరకలున్నాయి. మట్టిలో గిట్టలు జారిన గుర్తులు. రోడ్డు దాకా జాడ బాగానే దొరికింది. గల్లీ మొదట్లో ఒక చుక్క, ఆ తర్వాత ఏమీ లేదు. నేల తడిగా ఉంది. ఒక ముసలామె చీపురు పట్టుకుని ఎదురింటి అద్దకపు కొట్టం వైపు తిరిగి తిడుతోంది.

మల్లేశం అడిగితే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అగో! నెత్తురా అది? రంగనుకొని కడిగిపారేస్తి గద బిడ్డా! రోజు గీ రంగోడు తడినూలు మోసుకపోవుడు, వాకిలంత కారుడు."

నిజమే, ఆ గల్లీలో ఎర్రచుక్కలు ఎవరికి వింత? పొద్దుటి నుంచి ఎంతమంది వాటి మీదుగా నడిచారో. అద్దకపాయన మోచేతుల దాకా నీలం రంగుతో బయటికొచ్చి ముసలామె మీదికి లేచాడు. "కాకూ, వారం సంది నీలమే ముంచుతున్న! ఎర్రది నా కొట్టంల చిటికెడు లేదు. పొద్దుగాల్నే మొదలువెడితివి నీ పురాణం!"

ఇద్దరి కొట్లాట వింటుంటే నాకు నవ్వొచ్చింది. మల్లేశానికి మాత్రం ప్రాణం లేచివచ్చింది. ఎర్రరంగు లేకపోతే, గల్లీలో మిగిలిన మరక ప్రతిదీ రక్తమే. ముసలామె కడగని చోట, కరెంటు స్తంభం దగ్గర, మురుగు మోరీ రాతి మీద, ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్ళాం. చివరికి ఒక కార్ఖానా వెనుక, పారేసిన నూలు కుప్పలో పడుకుని ఉంది. బాణం విరిగి సగమే మిగిలింది. డొక్కలు ఎగసిపడుతున్నాయి. లోపల మగ్గాలు మోగినప్పుడల్లా దాని ఒళ్ళంతా వణుకుతోంది.

మల్లేశం పరుగున వెళ్ళి మగ్గాలు ఆపమని కార్ఖానా సేటును బతిమాలాడు. "ఇయ్యాల మాల్ పోవాలె గదరా!" అని సేటు గొణిగాడు గాని, తనే కరెంటు మెయిన్ ఆపాడు. విషయం తెలిసి పక్క షెడ్లు, వాటి పక్కవి కూడా ఆగిపోయాయి. పీసు లెక్కన బతికే మనుషులు చేతులు కట్టుకుని గోడల వెంట నిలబడ్డారు. ఎవరూ దగ్గలేదు. మల్లేశం మెల్లగా వంగి దాని కళ్ళ మీద తువ్వాల కప్పాడు. తప్పు నేసిన చద్దరొకటి తెచ్చి, నలుగురూ నాలుగు మూలలు పట్టుకుని టెంపోలోకి ఎక్కించారు.

పశువుల దవాఖానాలో మధ్యాహ్నానికి బాణం తీశారు. గాయం మరీ లోతు కాదన్నాడు డాక్టర్. అప్పుడు తిన్నాడు మల్లేశం, దవాఖానా ఎదుటి బండి మీద రెండు రొట్టెలు. సాయంత్రం ఫారెస్టు మనిషి గల్లీకొచ్చి ఎవరు కొట్టారని అడిగాడు. "మాలుమ్ నహీ సాబ్," అన్నారందరూ. లక్ష్మి మొగుడి చొక్కా అంచు వెనుక నుంచి గట్టిగా పట్టుకుంది. మల్లేశం నేల చూశాడు. నేనూ నోరు మెదపలేదు.

మర్నాడు పొద్దున ముగ్గురం వెళ్ళేసరికి జింక చనిపోయింది.

"గాయంతో కాదు," అన్నాడు డాక్టర్. "భయంతో. తరిమితే వీటి గుండె తట్టుకోదు."

"ఎంటనే ఎంటబడకుండ, జర ఆగి పోయుంటే?" అన్నాడు మల్లేశం.

డాక్టర్ చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

మల్లేశం అక్కడి నుంచి ఇంటికి రాలేదు. ఫారెస్టు ఆఫీసు ఎటని అడిగి నడక మొదలుపెట్టాడు. లక్ష్మి వెంటపడి ఏడ్చింది. "సచ్చినంక చెప్పుడెందుకయ్యా? ఎవ్వలు జూసిన్రు?"

"నేను జూసిన గదనే," అన్నాడు.

నాలుగు రోజులు అనుకున్నదాన్ని పది రోజులున్నాను. కోర్టు వరండాలు, వకీలు ఇల్లు తప్ప షోలాపూర్‌లో ఏమీ చూడలేదు. చద్దరైనా కొనలేదు. మల్లేశాన్ని జైల్లో పెట్టారు, జమానతు మీద ఇంకా వదల్లేదు. స్టేషన్‌కి లక్ష్మి ఒక్కతే వచ్చింది. "తిడదామని పోత అక్కా. ఆ ఊచల కాడ మొఖం జూస్తె నోరు రాదు," అంది. బండి కదిలాక నేనూ ఏడ్చాను.

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన సీటు దొరికింది. వాడీ దగ్గర ఎదుటి సీటావిడ పల్లీలు పెట్టి పలకరించింది. చెల్లెలింటికి వచ్చానంటే, మరిది ఏం చేస్తాడని అడిగింది.

"మగ్గం నడుపుతడు. ఇప్పుడు జైల్ల ఉన్నడు," అన్నాను, ఆమె కళ్ళల్లోకి చూస్తూ.

ఆమె సంచి దగ్గరికి లాక్కుంది. లాక్కోనీ.