డిసెంబర్లో కొన్న ఫ్యాను

డుంబ్రిగుడ దగ్గర కొండల్లో ఉన్న మా ఊళ్లో ఎండాకాలంలో కూడా ఫ్యాను కొన్నవాళ్లు లేరు. నేను కొన్నాను, అదీ డిసెంబర్లో, నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయే రోజుల్లో. షాపతను అటక మీంచి టేబుల్ ఫ్యాను దించి, దుమ్ము దులుపుతూ, "ఇప్పుడు ఫ్యానేటమ్మా, వడ్లు తూర్పార పట్టడానికా?" అన్నాడు. అవునన్నాను. ఆ ఫ్యాను గురించి నేను చెప్పిన మొదటి అబద్ధం అది.

ఫ్యాను మా మామయ్యకి, మా ఆయన నాన్నకి. ఆయనకి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. ఇక నయం చేసే మందులేం లేవు, బాధ తగ్గించి చూసుకోవడమేనని విశాఖలో డాక్టర్లు ఇంటికి పంపేశారు. ఆ బాధ తగ్గించే పనికి వారానికోసారి ఒక నర్సమ్మ జీపులో వచ్చేది. నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఇచ్చి, నేను తిన్నానో లేదో కూడా అడిగి వెళ్లేది. మా ఇంట్లో ఆ ప్రశ్న అడిగిన మనిషి ఆవిడొక్కతే.

మామయ్యకి నొప్పి కన్నా ఆయాసం ఎక్కువ. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య కొండెక్కి దిగినంత పని అయ్యేది. నర్సమ్మ చూసి, "మొగానికి గాలి తగలనియ్యి తల్లీ. గాలి తగిల్తే ఊపిరాడతన్నట్టు ఉంటాది. ఆ మాత్రం సుఖమైనా ఇద్దాం" అంది. రెండు రోజులు చేటతో విసిరాను. భుజాలు పడిపోయాక వెళ్లి ఫ్యాను కొన్నాను. అది తిరగ్గానే మామయ్య దానికి ఎదురుగా మొహం పెట్టి కళ్లు మూసుకున్నారు. చాలాసేపటికి, "బాగుందమ్మా" అన్నారు. ఆయన ఆ మాట అని ఎన్ని వారాలైందో.

ఆయనకి బాగుండటం ఎవరికీ నచ్చలేదు. మా ఆయన అక్క విజయనగరం నుంచి నాన్నని చూసుకోవడానికి దిగింది. చూసుకోవడమంటే చూడటమే. మంచం పక్కన కుర్చీ వేసుకుని చూసేది. వస్తూ వస్తూ ఒక మంకీ క్యాపు, రెండు రగ్గులు, పుట్టెడు ప్రేమ తెచ్చింది. ఫ్యాను చూడగానే గుండెలు బాదుకుంది.

"ఏటి సేత్తన్నావే నువ్వు? మా నాన్నని సలికి సంపేత్తావేటి? బేగి ఆపు!"

"ఊపిరాడక అల్లాడిపోతన్నారు వదినా. నర్సమ్మే పెట్టమన్నాది."

"దానికేటి తెలుసు? ఈయన దాని నాన్నేటి?"

మర్నాటికల్లా బోరింగు దగ్గర ఒకావిడ తీర్పు చెప్పేసింది: కోడలు మామని సలిగాలికి పెట్టి సంపేత్తన్నాది. ఆయన కఫం గిన్నె రోజూ ఎవరు కడుగుతున్నారో మాత్రం అక్కడ ఎవరికీ పట్టలేదు. నాకు ఒళ్లు మండింది. మండి ఏం చేశాను? భయపడ్డాను. వదిన గదిలో ఉన్నంతసేపూ ఫ్యాను ఆపేసి, ఆవిడ స్నానానికి లేస్తే వేసేదాన్ని. చలికి ఆవిడ స్నానం రెండు చెంబులతో సరి.

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రార్థన చేయడానికి చర్చి వాళ్లు వచ్చారు. మామయ్య సంఘ పెద్ద కాబట్టి సంఘమంతా వచ్చింది. వాళ్లు గుమ్మంలోకి రాకముందే నేనే ఫ్యాను ఆపి మంచం కిందకి తోసేశాను. ఒకరు కిటికీ మూశారు, ఇంకొకరు తలుపు వేశారు. వదిన ఆయనకి మంకీ క్యాపు తొడిగింది. ప్రభువా, ఈ బిడ్డకి ఊపిరి దయచేయమని గంటసేపు అడిగారు, ఆ గదిలో ఉన్న కాస్త గాలీ తామే పీల్చుకుంటూ. మామయ్య టోపీ లాగేసుకోబోతే వదిన మళ్లీ సర్దింది. ఆయన నా వైపు చూసి, "గాలి... అమ్మా... గాలి" అన్నారు.

"పలవరిత్తన్నారు" అంది వదిన.

అందరూ నన్నే చూస్తున్నారు. నేను తల దించుకుని ఆమెన్ అన్నాను.

వాళ్లు వెళ్లగానే ఫ్యాను వేశాను. ఆయన మళ్లీ దానికి ఎదురుగా మొహం పెట్టి కళ్లు మూసుకున్నారు. నన్ను తిట్టినా బాగుండేది. నాలుగో రోజు పోయారు.

దూరం చుట్టాలు వచ్చేదాకా ఆయన్ని ఉంచడానికి ఎస్.కోట నుంచి ఐస్ బాక్సు తెప్పించారు. జనం వాకిట్లో నెగడు వేసుకుని, చేతులు కాచుకుంటూ వంతులవారీగా లోపలికొచ్చి ఏడుస్తున్నారు. గదిలో సాకెట్ ఒక్కటే. ఫ్యాను ప్లగ్గు పీకి బాక్సు ప్లగ్గు పెట్టారు. మా వదిన బాక్సు అద్దం మీద చెయ్యి వేసి చూసి, "కూలింగు సాల్లేదు, పెంచండి బాబూ" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని కూలబడ్డాను. ఏడుస్తున్నాననుకుని చర్చి ఆడవాళ్లు వచ్చి పట్టుకున్నారు. బోరింగు దగ్గర తీర్పు చెప్పినామె నా వీపు నిమురుతూ, "ఇలాటి కోడలు ఎవులికి దొరుకుతాది?" అంది.

ఆ మాట అనిపించుకోవడానికే ఆ ఆదివారం నేను ఫ్యాను మంచం కిందకి తోసింది.