తిరిగే భూగోళం ఉన్న పాఠం

2012లో కామారెడ్డిలోని ఒక కంప్యూటర్ సెంటర్లో ఆన్‌లైన్ పాఠాలు తయారు చేసే మహానుభావుణ్ణి నేనే. బుర్ర ఒక్కసారికి మోయగలిగినంతే చెప్పాలని శిక్షణలో నేర్పారు. నేను ఆ మాటను నాలుగు రంగుల్లో రాసి గోడకు అంటించుకున్నాను, అంతే.

నా మొదటి పాఠం టైపింగ్. తెర నిండా అక్షరాలు, వాటినే చదివే ఆడగొంతు, మూలన గిర్రున తిరిగే భూగోళం, అడుగున పరుగెత్తే మా సెంటర్ ప్రకటన. ఏ ఒక్కటి తగ్గినా నాకు నామోషీ.

ఎల్లారెడ్డి నుంచి బీడీలు చుట్టే ఒకావిడ ఆ కోర్సులో చేరింది. పొగాకు దుమ్ముతో దగ్గు పట్టుకుంది, ఆ పని మానేయాలి. వాళ్ల ఊళ్లోనే ఒక ఆఫీసులో ఆపరేటర్ పని ఉంది, కానీ మా సర్టిఫికెట్ కావాలి. పరీక్షకు మూడే అవకాశాలు. రెండుసార్లు తప్పి నాకు ఫోన్ చేసింది.

"సార్, బొమ్మ సూడాల్నా, అక్షరాలు సదవాల్నా, ఆమె చెప్పేది ఇనాల్నా?"

నేను పెద్దమనసు చేసుకుని, ఈ మూడూ ఎలా చూడాలో వివరించే ఇంకో డబ్బా తెర మీద చేర్చాను. మూడోసారీ తప్పింది.

శ్రద్ధ చాలలేదని ఓదార్చడానికి ఎల్లారెడ్డి వెళ్లాను. అరుగు మీద ఆవిడ కొత్తగా కాపురానికొచ్చిన తోటికోడలికి బీడీలు చుట్టడం నేర్పుతోంది. ఆ అమ్మాయి పొగాకు చేట వైపు చెయ్యి చాపగానే ఆపింది.

"జర్ద ముట్టకు. గీ వారమంత ఆకు కత్తిరించుడే. చెయ్యి అలవాటైనంక సుట్టుడు. దారం ముచ్చట ఇప్పుడెందుకు?"

నాకు సిగ్గేసింది. ఓదార్పు మింగేసి తిరిగొచ్చాను. భూగోళాన్ని పీకేశాను, ప్రకటన తీసేశాను, గొంతు చెప్పేచోట అక్షరాలు ఎత్తేశాను. తెరకు ఒక్క వరుస మీటలే ఉంచాను.

"గిట్ల బోసిగుంటే కోర్సంటరా?" అన్నారు మా యజమాని. తర్వాతి బ్యాచ్ దాదాపు అంతా పాసయ్యాక ఆయనే నాకు శాలువా కప్పారు. సిగ్గులేకుండా కప్పించుకున్నాను.

ఆమెకు ఇంకో అవకాశం ఇమ్మని అడిగితే మాత్రం రూలు రూలే అన్నారు. ఈలోగా ఆ ఆపరేటర్ పని ఇంకొకరికి పోయింది. తప్పు తనది కాదని, పాఠానిదేనని ఆమెకు ఫోన్ చేసి చెప్పాను. కాసేపు దగ్గింది.

"అంటే నాకు తెలివి తక్కువ గాదన్నట్టేనా సార్? జర మా ఇంటాయనకు సుత చెప్పుండ్రి."