మిర్చి కుప్ప దగ్గర ఆగిపోయిన నవల

మా పక్కింటి అత్త పోయిందని కబురొచ్చినప్పుడు నేను గుంటూరులో, నేను పనిచేసే ల్యాబులో కూర్చుని ఎవరిదో షుగర్ రిపోర్టు టైపు చేస్తున్నాను. ఫోన్ చేసింది అత్త కూతురు, నాకు వదిన వరస. "అమ్మ పొద్దున టీ తాగి మళ్లీ పడుకుందే. లేపితే లేవలా," అంది. ఫోన్ పెట్టేశాక నేను ఆ రిపోర్టు పూర్తి చేసి, ప్రింటు తీసి, కౌంటర్ ముందు నిలబడ్డ పెద్దాయనకి ఇచ్చి, అప్పుడు లేచాను. ఏమీ జరగనట్టు నా చేతులు అంత పని ఎలా చేశాయో నాకు ఇప్పటికీ తెలియదు. బస్సెక్కాక గానీ ఏడుపు రాలేదు.

చేతుల మాట ఊరికే ఎత్తలేదు. అత్తకి మనుషుల చేతులు గమనించే అలవాటు ఉండేది. అదెలా వచ్చిందో చెప్పాలంటే మిమ్మల్ని ముందు మిరపకాయల దగ్గరికి తీసుకెళ్లాలి. ముక్కుకి గుడ్డ కట్టుకోండి.

మా ఊరు సత్తెనపల్లికి దగ్గర. మాది వ్యవసాయం. అత్తావాళ్లది పరుపులు కుట్టే ఇల్లు. మామయ్య పత్తి ఏకి పరుపులు కుట్టేవాడు. పెళ్లిళ్ల రోజుల్లో ఆయన మీసాల మీద కూడా దూది ఉండేది. రెండిళ్లకీ మధ్యలో ఒకటే గోడ. ఉగాది పచ్చడి గోడ మీంచి అటు వెళ్లేది, రంజాన్‌కి సేమ్యా పాయసం ఇటు వచ్చేది. వరస ఎవరు కలిపారో గానీ, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె నాకు అత్తే.

అత్త ఎనిమిదో తరగతితో బడి మానేసింది. నవలలు మాత్రం మానలేదు. సత్తెనపల్లిలో అద్దె పుస్తకాల కొట్టుకి వెళ్లడానికి ఆమె దగ్గర ఎప్పుడూ ఏదో ఒక సాకు ఉండేది. పంటి నొప్పి అనేది, దారపు ఉండలు అయిపోయాయనేది. మామయ్యకి అన్నీ తెలుసు. "ఈసారి పన్ను ఎన్ని పేజీలే?" అని అడిగేవాడు, దూది ఏకుతూనే.

ఎండుమిర్చి ఇళ్లకి చేరే రోజుల్లో మా ఊరి వ్యాపారి ఒకాయన తన రేకుల షెడ్డులో కాయని కుప్పలు పోయించేవాడు. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని తొడిమలు తీసేవాళ్లు. రంగు పోయి తెల్లబడ్డ కాయల్ని, అంటే తాలు కాయల్ని, ఏరి పక్కన వేసేవాళ్లు. ఇంటర్ సెలవుల్లో నేను కూడా వెళ్లేదాన్ని. చేతులకి మామయ్య పాత చొక్కా, తలకి తువ్వాలు, గంటకోసారి వరసపెట్టి తుమ్ములు. అక్కడ అత్త ఒక్కతే తొడిమలు తీసేది కాదు. ఆమె పని చదవడం.

ఆ ఏర్పాటు ఎవరు చేశారో తెలియదు. అత్త బస్తా మీద కూర్చుని వారపత్రికలో సీరియలో, అద్దె నవలో గట్టిగా చదువుతుంటే, మిగతావాళ్లు తాము తీసిన కాయలోంచి తలా ఒక దోసెడు ఆమె గంపలో వేసేవాళ్లు. సాయంత్రం కాటా దగ్గర ఆమె గంప కూడా అందరి గంపలతో సమానంగా తూగేది. వ్యాపారి ఏమీ అనేవాడు కాదు. కథ నడుస్తుంటే నీళ్లకని, నీడకని ఎవరూ లేవరు కాబట్టి ఆయన కుప్ప గబగబా తరిగిపోయేది.

మా అత్త విమర్శ అంతా ఆ షెడ్డు భాషలోనే ఉండేది. రచయిత కథని ఊరికే సాగదీస్తే, "ఈ వారం బరువు కోసం నీళ్లు కొట్టాడే," అని ఆ పేజీ దాటేసేది. కాటాలో ఎక్కువ తూగాలని కొందరు బస్తాల మీద నీళ్లు చల్లుతారు, ఆ సంగతి మా వైపు అందరికీ తెలిసిందే. ప్రేమకథ వస్తే, "రంగు బానే ఉంది, కారం లేదు," అనేది. నచ్చిన నవలని మాత్రం మొదటి కోత కాయ అనేది. ఆ మాట ఆమె నోట నేను విన్నది చాలా తక్కువ.

ఒకసారి నేను అడిగాను, "అత్తా, వీళ్లకి కథ నచ్చిందో లేదో నీకెట్లా తెలుసుద్ది?" అని.

"చేతులు చూడవే. మొహాలు చూడమాక. మొహాలు మర్యాదకి కూడా నవ్వుతయ్యి," అంది. "కథ బాగుంటే చేతులు జోరుగా ఆడతయ్యి. బాగా తగిలిందనుకో, చెయ్యి ఆగిపోద్ది."

ఏడుపు ఘట్టాలు మాత్రం లెక్కలోకి వచ్చేవి కాదు. అందరూ కారం చేతులతో కళ్లు తుడుచుకునేవాళ్లు, అంతే, ఇక కుండపోత. నా పక్కన కూర్చునే పిన్ని ఒకామె, "కథకి ఏడ్చానో కారానికి ఏడ్చానో నాకే తెలవట్లా," అని ముక్కు చీదుకుంటూ నవ్వేది.

ఒక ఏడు కాయ మంచి ఊపులో ఉండగా మేము వింటున్న పత్రిక రావడం మానేసింది. సీరియల్ సగంలో ఉంది. హైదరాబాదులో పెద్ద బంగళా, మొగుడు కొత్త పెళ్లికూతుర్ని బయటికి గెంటేశాడు, ఆ పిల్ల పెట్టె పట్టుకుని గేటు బయట నిలబడి ఉంది. ఆ పిల్లని అక్కడ నిలబెట్టి పత్రిక మాయమైంది. తర్వాతి వారం అత్త ఎప్పటిలాగే అట్ట వేసిన పత్రిక చంకలో పెట్టుకుని వచ్చి, బస్తా మీద కూర్చుని, పేజీ తీసి చదవడం మొదలుపెట్టింది. నేను పక్కనే ఉన్నాను. యథాలాపంగా పేజీలోకి తొంగి చూస్తే అందులో దోసకాయ పచ్చడి చేసే విధానం ఉంది.

అత్త గొంతు మారలేదు. తన కాలితో నా కాలు గట్టిగా తొక్కింది. నేను తల దించుకుని తొడిమలు తీశాను.

ఆ నెలంతా దోసకాయ పచ్చడి పేజీలోంచి నవల వస్తూనే ఉంది. హైదరాబాదు గేటు దగ్గర నిలబడ్డ పిల్ల బస్సెక్కి, ఎలా వచ్చిందో వచ్చి, అద్దంకి బస్టాండులో దిగింది. అక్కడ చెరుకురసం తాగింది. మేడ మీద గది అద్దెకి తీసుకుని, కుట్టు మిషను పెట్టుకుంది. ఇంటి ఓనరమ్మ బిందెడు నీళ్లకి పది మాటలు అనేది. కింద వీధిలో ఒక మిర్చి వ్యాపారి ఉండేవాడు, అచ్చం మా వ్యాపారిలాగే దగ్గి నవ్వేవాడు. అది విని షెడ్డంతా పగలబడి నవ్వింది. కాటా దగ్గరున్న మా వ్యాపారి కూడా, అదెవరో వేరే మనిషన్నట్టు నవ్వాడు. ఆ పిల్లకి వారం వారం కొత్త కష్టం వచ్చేది, వారం వారం దాన్ని ఎలాగో కుట్టుకుని బయటపడేది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముక్కులో ఘాటు, చెవిలో అత్త గొంతు కలిసే వస్తాయి.

ఆఖరి రోజు కథలో వాన కురుస్తోంది. ఆ పిల్ల చేతిలో కత్తెర పట్టుకుని జాకెట్టు గుడ్డ కత్తిరిస్తోంది. ఎవరో తలుపు కొట్టారు. కిటికీలోంచి చూస్తే మొగుడు, తడిసి ముద్దయి నిలబడి ఉన్నాడు. సరిగ్గా అక్కడ కుప్ప అయిపోయింది. అందరూ చీరలు దులుపుకుంటూ లేచారు.

"తలుపు తీసిందా లేదా?" అని పిన్ని అడిగింది.

"వచ్చే ఏడు కాయకి చెబుతాలే," అంది అత్త.

వచ్చే ఏటికి వ్యాపారి తొడిమల పనిని ఊరి బయట కోల్డ్ స్టోరేజీకి మార్చాడు. అక్కడ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా స్పీకర్లో సినిమా పాటలు పెట్టేవాళ్లు. అత్త రెండు రోజులు వెళ్లి మానేసింది.

ఇక ఈమధ్య సంగతి. ఫోన్లో తెలుగు రాసేవాళ్ల గ్రూపు ఒకటుంది. ఏడాదికోసారి పందెం పెడతారు, నెల రోజుల్లో నవల రాయాలి. ఒకటో తేదీకి ముందే ఎవరు ఏ రకం నవల రాస్తున్నారో చెప్పాలి. క్రైమా, ప్రేమా, దయ్యాలా, చరిత్రా, కుటుంబమా. నేను చేరాను. నలభై దాటిన మనిషిని, కథలు బోలెడు మొదలుపెట్టాను, ఒక్కటీ పూర్తి చేయలేదు. రోజంతా ఇతరుల రక్తం సంగతులు టైపు చేస్తూ బతికేస్తున్నాను, ఈసారి కూడా సగంలో వదిలేస్తే ఇక జన్మలో కలం పట్టనని నాకు నేనే చెప్పుకున్నాను. అందుకే ఏ రకం అన్న దగ్గరే గింగిరాలు తిరిగాను.

ఆదివారాలు అత్తకి ఫోన్ చేయడం నాకు అలవాటు. మామయ్య పోయాక ఆమె కూతురి దగ్గరే ఆ ఇంట్లో ఉండేది. కళ్లు బాగా మందగించాయి, అక్షరాలు కనబడటం మానేశాయి. పందెం సంగతి చెప్పి, హత్య నవల రాద్దామనుకుంటున్నానని అన్నాను. ఎందుకని అడిగింది. పోయినేడు హత్య నవలలకే అందరూ చప్పట్లు కొట్టారు మరి.

అత్త నవ్వింది. "పోయినేడు మిర్చికి ధర పలికిందని ఈ ఏడు ఊరంతా మిర్చే వేస్తే ఏమయ్యిద్దో నీకు నేను చెప్పాలా? మీ నాన్న పత్తి మానేసి మొత్తం మిర్చి వేసిన ఏడు గుర్తులా?"

గుర్తుంది. గుంటూరు యార్డులో బస్తాల మీద తువ్వాలు పరుచుకుని నాన్న పడుకున్న ఏడది. కాయ అడిగే నాథుడు లేడు.

"పోనీ ప్రేమ నవల?"

"సినిమాలో పాటొస్తే లేచి మంచినీళ్లకి పోయే మనిషివి, నువ్వేం రాస్తావే ప్రేమ?"

"దయ్యాలు?"

"నీకు నిజంగానే భయం. రాసేదానికి తోడు ఎవర్ని పడుకోబెట్టుకుంటావు?"

నాకు ఒళ్లు మండింది. "మరి ఏ రకం రాయమంటావు అత్తా, నువ్వే చెప్పు!" అన్నాను.

"రకం తర్వాత. రాసింది ఎవరికి చదివి వినిపిస్తావు? ముందు అది తేల్చుకో."

"నీకే," అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు, నోటికి వచ్చేసింది.

అవతల ఆమె వదినని టీవీ కట్టేయమంది. తర్వాత, "అయితే రోజూ సాయంత్రం ఫోన్ చేసి చదువు. ఊరందరికీ నేనే చదివా. నాకెవరూ చదవలా," అంది.

ఆ తర్వాతి ఆదివారం రాలేదు. మధ్యలోనే వదిన ఫోన్ వచ్చింది.

ఆఖరి చూపు అందింది. తిరిగి గుంటూరు వచ్చి, పందెం నుంచి తప్పుకుందామని నిర్ణయించుకున్నాను. వినేవాళ్లే లేనప్పుడు ఏ రకమైతే ఏంటి? పోయినవాళ్ల కోసం మూడో రోజు చేసే జియారత్‌కి మళ్లీ ఊరెళ్లాను. ప్రార్థనలయ్యాక షెడ్డు కాలం నాటి ఆడవాళ్లు వరండాలో చాప మీద కూర్చున్నారు. అందరి జుట్లూ తెల్లబడ్డాయి. నా పక్కన కూర్చునే పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"ఏమే, మీ అత్త నీకన్నా చెప్పిందా? ఆ పిల్ల తలుపు తీసిందా, లేదా?"

ఇన్నేళ్ల తర్వాత కూడా అదే ప్రశ్న. "పిన్నీ, అది పుస్తకంలోది కాదు, అత్తే..." అన్నాను.

"మాకు తెలవదా ఏంది?" అంది పిన్ని. "అద్దంకి బస్టాండులో చెరుకురసం బండి యాడుందో పత్రికోడికి ఎట్టా తెలిసిద్ది?"

చాప మీద అందరూ నవ్వారు. చావింట్లో అంత నవ్వు నేను ఎప్పుడూ వినలేదు. వదిన కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే అందరం ఏడ్చాం. ఈసారి కారం మీదికి నెట్టడానికి లేదు.

"తెలిసి కూడా ఎప్పుడూ అనలేదేం?" అని అడిగాను.

"అంటే ఆపేసేది కదే," అంది పిన్ని.

తిరుగు బస్సులో ఫోన్ తీసి గ్రూపులో రాశాను, నాది తొడిమలు తీస్తూ వినే నవల అని. అలాంటి రకం లేదని, నన్ను "ఇతరములు" కింద వేశామని జవాబు వచ్చింది. వేసుకోనీ అనుకున్నాను. అత్త ఆపిన చోటే మొదలుపెట్టాను. వాన, కత్తెర, తలుపు.

మొదటి ఆదివారం రాసినంత వరకు ప్రింటు తీసుకుని ఊరెళ్లాను. కోల్డ్ స్టోరేజీ పక్క నీడలో పిన్నీ, ఇంకొందరూ కుప్ప చుట్టూ కూర్చుని ఉన్నారు. నేను కాగితాలు బయటికి తీయగానే ఎవరో వెళ్లి స్పీకరు ఆపించి వచ్చారు. కూర్చోవడానికి నాకు ఒక బస్తా జరిపారు. పిన్ని ఖాళీ గంప ఒకటి తెచ్చి నా ముందు పెట్టి, తన దోసెడు అందులో వేసింది. ఒకరి తర్వాత ఒకరు వేశారు. నా కళ్లు మండాయి. కారమేనని చెప్పాను.

చదవడం మొదలుపెట్టాను. మొహాలు చూడలేదు. చేతులు ఆడుతున్నాయి, తొడిమలు పుటుక్కు పుటుక్కున ఊడుతున్నాయి. బయట మొగుడు పేరు పెట్టి పిలిచాడు. ఆ పిల్ల కత్తెర కింద పెట్టలేదు. తలుపు దగ్గరికి వచ్చి రెండో చెయ్యి గడియ మీద వేసింది.

పిన్ని చెయ్యి ఆగింది. వేళ్ల మధ్య ఎర్రటి కాయ, తొడిమ ఇంకా ఊడలేదు.